దినుసులకి నిప్పు, ఆకుకి మూత

మా ఇంట్లో అందరూ కాఫీ మనుషులు. ఇత్తడి ఫిల్టర్లో చుక్కచుక్కగా దిగే డికాక్షన్ వాసన ముక్కుకి తగిలితేనే మాకు తెల్లవారినట్టు. అలాంటి ఇంట్లోకి టీ అడుగుపెట్టింది మా పెద్దనాన్నతో. అదీ పాలు పోయని టీ. అల్లం, మిరియాలు, లవంగాలు, దాల్చిన చెక్క, ఏలకులు పడి, గాజు గ్లాసులో పోసి వెలుతురుకి ఎత్తి చూస్తే ముదురు తేనెలా మెరిసే టీ. నలభై ఏళ్ళు కావస్తోంది. ఆ తరవాత ఎన్ని ఊళ్ళలో ఎన్ని రకాల టీలు తాగానో లెక్కలేదు. అయినా టీ అన్న మాట వినగానే నా నాలిక వెతుక్కునేది ఆ ఒక్క రుచినే.

పెద్దనాన్న రైల్వేలో గూడ్సు గార్డు. ముప్ఫై మూడేళ్ళు బండి చివర బ్రేక్ వ్యాన్‌లో ఒక్కరే కూర్చుని రాత్రనకా పగలనకా తిరిగి, 1986లో రిటైరయ్యారు. పెద్దమ్మ అప్పటికే పోయింది. పిల్లలు లేరు. నాన్న వెళ్ళి నచ్చచెప్పి సామానుతో సహా మా ఇంటికి తీసుకొచ్చేశారు. సామానంటే ఎంతని? ఒక హోల్డాలు, ఒక ట్రంకుపెట్టె, ఒక గుడ్డసంచి. హోల్డాలూ ట్రంకుపెట్టే రిక్షా అబ్బాయి మోసుకొచ్చాడు. గుడ్డసంచి మాత్రం పెద్దనాన్న ఎవరి చేతికీ ఇవ్వలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ సంచిలో ఏముందో చూడాలని సాయంత్రం దాకా ఆయన చుట్టూనే తిరిగాను.

నాలుగయ్యేసరికి అమ్మ వంటింట్లోంచి అడిగింది, "బావగారూ, కాఫీ కలపమంటారా?" అని.

"వద్దమ్మా. నా సరంజామా నాకుంది. ఒక పొయ్యి ఇవ్వు చాలు" అన్నారు.

సంచిలోంచి మూడే వస్తువులు వచ్చాయి. అడుగంతా మసిబారి నల్లరాయిలా అయిపోయిన మూతగిన్నె ఒకటి. అరచేతిలో ఇమిడిపోయే ఇనప కల్వం ఒకటి. బిగుతు మూత ఉన్న రేకు డబ్బా ఒకటి. డబ్బా మూత గోటితో లేపారు. 'టప్' మని చప్పుడు, వెంటనే వాసన. కారంగా, తియ్యగా, కాస్త చేదుగా, పాత చెక్కపెట్టెలా. అది ఒక వాసన కాదు, నాలుగైదు వాసనలు ఏళ్ళ తరబడి ఒకే గదిలో కాపురం ఉండి ఒకటైపోయిన వాసన. లోపల కాగితం పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో పొట్లం విప్పి, కావలసింది వేళ్ళతో లెక్కపెట్టి తీసి, మళ్ళీ అదే మడత మీద మడిచి పెట్టేస్తుంటే నేను రెప్పవెయ్యకుండా చూశాను.

ఇద్దరికి సరిపడా టీకి ఆయన కొలతలు నాకు కంఠతా వచ్చు. నీళ్ళు మూడు గ్లాసులు. మిరియాలు నాలుగు. లవంగాలు రెండే, మూడోది పడకూడదు. దాల్చిన చెక్క వేలి కణుపులో సగం. అల్లం బొటనవేలి కణుపంత. ఏలకులు రెండు, తొక్కతో సహా. మిరియాలూ లవంగాలూ కల్వంలో వేసి మెత్తగా నూరేవారు కాదు, ఒక్కో గింజా రెండుమూడు చెక్కలయ్యేటట్టు కచ్చాపచ్చాగా దంచేవారు. పొడి చేస్తే అడుగున బురదలా దిగుతుంది, చివరి గుక్క గొంతుకి అడ్డం పడుతుంది అనేవారు. అల్లం విడిగా చితక్కొట్టేవారు, పీచు పీచుగా. ఇవన్నీ చన్నీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టేవారు. మరగడం మొదలయ్యాక మంట తగ్గించి, మూత వారగా పెట్టి, మూడు గ్లాసులు రెండున్నర అయ్యేదాకా ఓపిగ్గా కాచుకునేవారు.

అప్పటికింకా ఏలకులు వెయ్యలేదు. టీ ఆకూ వెయ్యలేదు.

నీళ్ళు లేత గోధుమరంగుకి తిరిగాక పొయ్యి ఆర్పేసేవారు. గిన్నె దించాక, బుడబుడమనే మరుగు అణిగే వరకూ ఆగి, ఏలకులు అప్పటికప్పుడు కల్వంలో ఒక్క దెబ్బ వేసి పడేసేవారు. ఆ వెంటనే రెండు చెంచాల టీ ఆకు. టక్కున మూత. మూత మీద మడిచిన తువ్వాలు. అప్పుడు జేబులోంచి వాచీ తీసి చేతిలో పట్టుకుని కూర్చునేవారు. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ మాట్లాడేవారు కాదు.

చివర్లో మూత తియ్యడం కూడా ఒక తీరుగా ఉండేది. అమాంతం ఎత్తెయ్యరు. మూతని మెల్లగా ఒక పక్కకి వంచి, దాని లోపలివైపు పట్టిన చెమట బొట్లన్నీ గిన్నెలోకే జారేదాకా ఆగేవారు. "వాసనంతా ఈ చెమటలోనే ఉందిరా. దీన్ని నేలపాలు చేస్తే ఇంక మిగిలేది రంగునీళ్ళే" అనేవారు.

మొదటి రోజు నాకు సాసర్లో రెండు గుక్కలు పోశారు. ముందు బెల్లం తియ్యదనం. దాని వెనకే దాల్చిన చెక్క. ఆ తరవాత టీ వగరు, నాలిక రెండంచుల్నీ లోపలికి లాగినట్టు. అంతా అయిపోయింది అనుకున్నాక, గొంతు దిగువన ఎక్కడో మిరియం రగులుకుంది. గుక్క మింగేశాక కూడా రుచి నడుస్తూనే ఉండటం నాకు అదే మొదటిసారి.

ఈ పద్ధతంతా ఆయన ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. ఉద్యోగం నేర్పింది. ఆ సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, ఏళ్ళ తరబడి సాయంత్రాలు ఆయన పక్కన పీట మీద కూర్చోగా.

గూడ్సు బండికి ఎవరూ దారివ్వరు. అదే అందరికీ దారివ్వాలి. వెనక మెయిలు వస్తోందంటే గూడ్సుని తీసుకెళ్ళి లూప్ లైన్లో, అంటే స్టేషన్లో పక్క పట్టాల మీద, పెట్టేస్తారు. గంటో, రెండు గంటలో, ఒక్కోసారి తెల్లవార్లూ. తుని దగ్గరో నర్సీపట్నం రోడ్ దగ్గరో అర్ధరాత్రి బండి ఆగిపోతే, ఇంజను ఎక్కడో నలభై వ్యాగన్ల అవతల ఉంటుంది. ఇటు చివర ఈయన ఒక్కరే, చేతిలో దీపం. చలికాలం పొలాల మీంచి మంచు దిగుతుంటే పట్టాల పక్కన మూడు రాళ్ళు పెట్టి, నాలుగు ఎండుపుల్లలూ దారిలో రాలిన బొగ్గుముక్కలూ ఏరి పొయ్యి రాజేసేవారట. ఆ వేళప్పుడు పాలెక్కడివి? బండిలో వెంట తెచ్చుకుంటే విరిగిపోతాయి. అందుకని మొదటి నుంచీ పాలు లేని టీయే. పచ్చి అల్లం ఎండకి ఎండి వానకి కుళ్ళుతుంది కాబట్టి ఆ రోజుల్లో శొంఠి వేసేవారు. ఇంటికొచ్చాకే పచ్చి అల్లం. శొంఠి ఘాటు వేరు, అది సూటిగా గొంతు పట్టుకుంటుంది. పచ్చి అల్లం ఎండుతున్నప్పుడు అందులో ఉన్న జింజరాల్ ఇంకా ఘాటైన షోగాల్‌గా మారుతుందనీ, అదే అల్లాన్ని నీళ్ళలో మరిగిస్తే కొంత కారం విరిగి జింజరోన్ అనే మెత్తని, తీపి వాసన పుడుతుందనీ నేను చాలా ఏళ్ళకి చదువుకున్నాను. ఆయన ఆ పేర్లేవీ వినకుండానే, "శొంఠి నిద్ర ఆపుతుంది, పచ్చల్లం నిద్ర పుచ్చుతుంది" అని తేల్చేశారు.

సరే, దినుసులు మరుగుతుంటాయి. మెయిలు దడదడలాడుతూ వెళ్ళిపోతుంది. ఇంకాసేపటికి వీళ్ళకి సిగ్నల్ పడుతుంది, ఇంజను కూత వేస్తుంది. ఇంక పొయ్యి దగ్గర కూర్చోవడానికి లేదు. గార్డు పచ్చదీపం చూపించాలి, బండి ఎక్కాలి. అప్పుడు ఆయన చేసేది ఒకటే. ఏలకులు చితక్కొట్టి గిన్నెలో వేసి, గుప్పెట్లో సిద్ధంగా పెట్టుకున్న ఆకు వేసి, మూతపెట్టి, తువ్వాలుతో చుట్టి బ్రేక్ వ్యాన్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోవడం. పొయ్యి మీద నీళ్ళు చల్లి, దీపం ఊపి ఎక్కెయ్యడం. బరువు బండి కదా, కదిలాక వేగం అందుకోవడానికి టైము పడుతుంది. ఒక్కో వ్యాగనూ తన వెనక వ్యాగన్ని లాగుతూ 'ఠంగ్ ఠంగ్' మని ఆ చప్పుడు చివరిదాకా వస్తుంది. స్టేషను దీపాలు వెనక్కి పోతాయి. ఊరి చివర అడ్వాన్స్ స్టార్టర్ అని ఒక సిగ్నల్ ఉంటుంది. బ్రేక్ వ్యాన్ దాన్ని దాటేసరికి సుమారు నాలుగు నిమిషాలు. అదే లెక్క. అడ్వాన్స్ స్టార్టర్ దాటింది అంటే టీ దిగింది అని.

ఇంట్లో కూడా ఆ మాటే వాడేవారు. వాచీ పట్టుకునే పని కొన్నాళ్ళకి నాకు అప్పజెప్పారు. నేను వాచీ వంక చూస్తుంటే ఆయన కళ్ళు మూసుకుని, "దాటిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదు పెద్దనాన్నా." కాసేపాగి మళ్ళీ, "దాటిందా?" "దాటింది!" అని నేను అరవగానే మూత వంచేవారు.

ఆకుని ఎందుకు మరిగించరో నాకు ఇంటర్మీడియట్ చదివేటప్పుడు గానీ సరిగ్గా అర్థం కాలేదు. ఓ ఆదివారం పెద్దనాన్న ఊళ్ళో లేరు. మావయ్యలు వచ్చారు. ఆయన టీ గురించి విని ఉన్నారు కాబట్టి అడిగారు, నేను పెడతానన్నాను. కొలతలన్నీ సరిగ్గానే వేశాను. కాని నలుగురైదుగురు ఎదురుచూస్తున్నారన్న తొందరలో, బాగా చిక్కగా రావాలని, ఆకుని కూడా దినుసులతో పాటే వేసి పది నిమిషాలు మరిగించేశాను. గ్లాసుల్లో పోస్తే నల్లగా, నిగారింపు లేకుండా ఉంది. చిన్నమావయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, ఏమీ అనకుండా బెల్లం అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

పెద్దనాన్న వచ్చాక చెప్పాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి ఒకే మరుగు నీళ్ళు రెండు గిన్నెల్లోకి సగం సగం వంచారు. ఒకదాన్లో ఆకు వేసి పొయ్యి మీదే ఉంచారు. రెండోదాన్ని దించి ఆకు వేసి మూతపెట్టారు. రెండూ వడకట్టి, బెల్లం వెయ్యకుండా నా ముందు పెట్టారు. "ముందు ఇది. నీళ్ళతో నోరు పుక్కిలించు. ఇప్పుడు అది."

మరిగించిన దాన్లో ఏలకుల జాడే లేదు. లవంగం ఒక్కటే మొండిగా నిలబడింది. మింగాక నాలిక మీద గరుకు కాగితం రాసినట్టుంది. పళ్ళ మీద నాలిక ఆడిస్తే జారట్లేదు. మూతపెట్టిన దాన్లో వగరు ఉంది గానీ అది తాకి వదిలేసే వగరు, తరవాతి గుక్కకి పిలిచే వగరు.

"చూశావా? దినుసులకి నిప్పు కావాలి, ఆకుకి మూత కావాలి. చెక్క, మిరియం, అల్లం గట్టి ప్రాణాలు. వాటిని అడగ్గా అడగ్గా గానీ ఇవ్వవు. ఆకు అలా కాదు, అడక్కుండానే ఇస్తుంది. ఇంకా ఇంకా అని పీడిస్తే చేదు ఇస్తుంది."

ఆ గరుకుదనం టానిన్లది, అంటే ఆకులో ఉండే వగరు పదార్థాలది. అవి మన లాలాజలంలో ఉన్న ప్రోటీన్లని పట్టుకుని కట్టేస్తాయి, అందుకే నోరు ఆరిపోయినట్టు, జారుడు పోయినట్టు ఉంటుంది. పాలు పోస్తే అవి పాలల్లో ఉండే కేసీన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని ఊరుకుంటాయి, మన నాలిక జోలికి అంతగా రావు. పాలటీలో ఆకు ఎంత మరిగినా నడిచిపోయేది అందుకే. పాలటీ తక్కువదని నేననను. వానాకాలం సాయంత్రం చిక్కటి పాలటీ సుఖం దానిది. కాని పాలు తప్పుల్ని కాచే తల్లిలాంటివి. పాలు లేని టీలో ఏ తప్పూ దాగదు. నీళ్ళు మంచివి కాకపోయినా తెలిసిపోతుంది, దినుసు పాతదైనా తెలిసిపోతుంది, చెయ్యి తొందరపడినా తెలిసిపోతుంది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. పెద్దనాన్న స్టేషన్లని నీళ్ళతో గుర్తుపెట్టుకునేవారు. ఫలానా స్టేషను బావినీళ్ళు తేట, టీ గాజులా వస్తుంది. ఫలానా చోటి నీళ్ళు ఉప్పన, టీ మీద తెట్టు కడుతుంది. ఆ తెట్టు నేనూ చూశాను. మా పెరట్లో బోరు నీళ్ళతో పెడితే గ్లాసు పైన సన్నటి పొర, కదిపితే అద్దం పగిలినట్టు ముక్కలయ్యేది. సున్నం ఎక్కువున్న నీళ్ళలో టీ వగరూ కాల్షియమూ గాలి తగిలి కలిసి కట్టే పొర అది. వానాకాలం అమ్మ డాబా మీద శుభ్రమైన గుండిగ పెట్టి పట్టిన వాననీళ్ళతో ఒకసారి టీ పెట్టారు పెద్దనాన్న. అంత ఎర్రని, అంత తేట టీ ఆ ఇంట్లో మరెప్పుడూ దిగలేదు. దీపం గ్లాసు వెనక పెడితే గోడ మీద రాగిరంగు మరక పడింది.

నిమ్మకాయ సంగతి కూడా చెప్పాలి. జలుబు చేసినప్పుడు మాత్రం నాలుగు చుక్కలు పిండేవారు. ముదురు ఎరుపు టీ చూస్తుండగానే లేత పసుపుకి తిరిగేది. నేను అది ఇంద్రజాలం అనుకుని నా స్నేహితుల్ని పిలిచి మరీ చూపించేవాణ్ణి. టీకి రంగిచ్చే పదార్థాలు పులుపు తగిలితే రంగు తేలిపోతాయి, అంతే. ఇంకొకటి, గ్లాసులో మరిచిపోయిన టీ చల్లారితే మబ్బుపట్టినట్టు కలకబారేది. చిన్నప్పుడు పాడైపోయిందని పారబోసేవాణ్ణి. పెద్దనాన్న వారించి గిన్నెలో వెచ్చబెట్టి చూపించారు, మబ్బు విడిపోయి మళ్ళీ తేటగా అయింది. "కలకబారిందంటే ఆకులో సత్తువ ఉందని. ఉత్త రంగునీళ్ళకి మబ్బెక్కడిది?" అన్నారు. నిజమే. టీలో ఉండే కెఫీనూ వగరు పదార్థాలూ చల్లారినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల వచ్చే మబ్బు అది, చిక్కటి మంచి టీలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

దినుసుల విషయంలో ఆయనకి గట్టి అభిప్రాయాలుండేవి, అవే నాకూ వచ్చాయి. సోంపు పాలటీకి బాగుంటుంది, దీన్లో వేస్తే తియ్యటి వాసన ఒక్కటే పైకి తేలి మిగతావాటిని ముంచేస్తుంది. జాజికాయ వద్దే వద్దు. లవంగం మూడోది పడితే టీ తాగినట్టుండదు, పంటినొప్పికి మందు పెట్టుకున్నట్టుంటుంది. పంటిమందుకి ఆ వాసన ఇచ్చేదీ, లవంగానికి ఇచ్చేదీ ఒకటే యూజినాల్ కాబట్టి అందులో వింత లేదు. దాల్చిన చెక్కలో పలచగా, చుట్ట చుట్టిన కాగితం పొరల్లా ఉండేది దొరికితే ఆయనకి పండగే. దళసరిగా, ఒకే పెంకులా ఉండే చెక్క కాసియా, దానిది మోటు ఘాటు, ఎక్కువ మరిగితే నీళ్ళు జిగురుగా కూడా అవుతాయి. ఇక అన్నీ కలిపి పొడికొట్టి అమ్మే మసాలా అంటే ఇప్పటికీ నాకు మనసొప్పదు. దంచిన క్షణం నుంచే వాసన వెళ్ళిపోవడం మొదలవుతుంది. అలాంటిది నెలల కిందట దంచిన దాన్లో ఏముంటుంది?

ఉద్యోగం వచ్చాక, 1999లో స్నేహితులతో మున్నార్ వెళ్ళాను. అక్కడ ఒక టీ ఫ్యాక్టరీ లోపలికి తీసుకెళ్ళి చూపించారు. నాకు ముందు ఆశ్చర్యం వేసింది ఒక విషయంలో. కోసిన పచ్చి ఆకు నలిపి వాసన చూస్తే టీ వాసనే లేదు, గడ్డి కోసినట్టుంది. ఆ ఆకుని పొడుగాటి తొట్లలో పరిచి కిందనుంచి గాలి కొడుతూ రాత్రంతా వాడబెడతారు. తరవాత పళ్ళున్న రోలర్ల మధ్య నలగ్గొడతారు. నలిగిన ఆకు గాలి పీల్చుకుని పచ్చరంగు నుంచి రాగిరంగుకి తిరుగుతుంది. ఆ గదిలో పండిన ఆపిల్ పళ్ళ వాసన. టీ ఆకు నల్లగా అయ్యేది, వగరుకి నిండుదనం వచ్చేది ఆ గాలి తగలడంలోనే. సరిగ్గా అదను చూసి వేడిగాలిలో ఆరబెట్టి ఆపేస్తారు. అదను తప్పితే చప్పన. పెద్దనాన్న చేతిలో వాచీ నాకక్కడ గుర్తొచ్చింది.

మర్నాడు ఏలకుల తోట చూశాం. ఏలకులు కొమ్మల చివర కాస్తాయనుకుంటూ పైకి చూస్తున్నాను. తోట చూపిస్తున్నాయన నవ్వి కిందకి వంగి చూడమన్నాడు. మనిషికి మించిన ఎత్తు మొక్క, కాని కాయలు మాత్రం దాని మొదట్లో, నేల మీద పాకుతున్న సన్నటి రెమ్మలకి, తడి ఆకుల మధ్య ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుంటే గానీ కనపడవు. పక్కనే చెట్టుకి అల్లుకుని మిరియం తీగ పైపైకి పోతోంది. ఒకటి నేలమీద, ఒకటి ఆకాశంలో. మా కల్వంలో పక్కపక్కన పడే రెండు గింజలూ పక్కపక్కనే పెరగడం చూసి నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

పావుకిలో ఏలకులూ, రెండు రకాల టీ ఆకూ కొని పెద్దనాన్నకి తెచ్చాను. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. ఒకటి గుండ్రటి రవ్వలా ఉండే సీటీసీ, ఇంకొకటి పొడుగ్గా చుట్టిన ఆకు. నేను చదివిందీ చూసిందీ అంతా చెప్పాను. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే ఆయనకి అస్సాంలో సింగ్‌ఫో తెగవాళ్ళు అడవి తేయాకు చూపించారని, ఆ తెగ అంతకు ముందు నుంచే దాన్ని కాచుకు తాగేదని, 1839లో అస్సాం టీ లండన్ వేలంలో అమ్ముడుపోయిందని, 1930లో అస్సాం తోటల్లోనే ఈ సీటీసీ యంత్రం పుట్టిందని. ముక్కలు చేసి, చింపి, చుట్టే యంత్రం కాబట్టే ఆ పేరు. రవ్వ చిన్నది కాబట్టి నీళ్ళు తగిలిన వెంటనే రంగు దించేస్తుంది, రేటూ తక్కువ, దాంతోటే టీ బీదాబిక్కీ ఇళ్ళలోకి కూడా వెళ్ళింది.

ఆయన డ్యూటీ రిపోర్టు వింటున్నట్టు మౌనంగా అంతా విన్నారు. తరవాత అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ తెగవాళ్ళు మూతపెట్టేవాళ్ళటనా?"

ఆ సాయంత్రం రెండు ఆకులతోనూ పెట్టి చూశాం. పొడుగాకు వాసన పువ్వులా సున్నితంగా ఉంది, కాని మిరియం, లవంగం పక్కన అది నోరు మెదపలేకపోయింది. దినుసుల్ని మోసేది సీటీసీయే. పొడుగాకుని వట్టి నీళ్ళతో విడిగా తాగాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

2004 చలికాలంలో పెద్దనాన్నకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదు. వాసన పూర్తిగా పోయింది. ఆ సంగతి ముందు మాకెవరికీ తెలీదు, ఆయన చెప్పలేదు. నేను టీ ఇస్తే ఒక గుక్క తాగి, "ఏలకులు మరిచిపోయావురా" అన్నారు. వేశానన్నాను. మర్నాడు, "చెక్క పాతది తెచ్చావా?" అన్నారు. కొత్త పొట్లమే. మూడో రోజు గ్లాసు సగంలో పక్కన పెట్టేశారు. నలభై యాభై ఏళ్ళ అలవాటు, అలా సగం గ్లాసు వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు రేకు డబ్బా తెచ్చి ఆయన ముందే మూత తీశాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఊపిరి పీల్చారు. తల అడ్డంగా ఊపారు.

డాక్టరు, ఈ వయసులో తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క మాట నేను పట్టుకున్నాను. మనం రుచి అనుకునే దాంట్లో ఎక్కువ భాగం వాసనేనని, ఏలకులూ లవంగాలూ దాల్చిన చెక్కా మనకి ముక్కుతోనే తెలుస్తాయని. అయితే మిరియం మంట, అల్లం కారం అలా కాదు. అవి వాసనా కాదు, నాలిక మీది రుచీ కాదు. వేడినీ నొప్పినీ తెలిపే నరాల మీదుగా వెళ్ళేవి. ముక్కు లేకపోయినా వాటికి దారుంది.

ఆ సాయంత్రం మిరియాలు నాలుగుకి బదులు పది వేశాను. పచ్చి అల్లం పక్కనపెట్టి, పాత రోజుల్లో లాగా శొంఠి కొట్టి వేశాను. బెల్లం కాస్త ఎక్కువ వేశాను, తీపీ వగరూ నాలిక్కి తెలుస్తాయి కదా అని. పెద్దనాన్న ఒక గుక్క తాగి ఆగారు. రెండో గుక్క తాగారు. గొంతు దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"తుని" అన్నారు.

గ్లాసు ఖాళీ చేసేశారు.

ఆ తరవాత ఆయన ఉన్న రెండేళ్ళూ రోజూ సాయంత్రం అదే టీ. ఏలకులు మాత్రం మానలేదు. ఆయనకి తెలియకపోయినా, మూత వంచినప్పుడు ఆ వాసన ఆయన గదిలోకి వెళ్ళాలని నాకుండేది. అమ్మ అప్పటికి తనకీ ఒక గ్లాసు పెట్టమనేది, జన్మంతా కాఫీ తాగిన మనిషి. ఆకు వేసి మూతపెట్టి, తువ్వాలు కప్పి, ఆయన మంచం పక్క స్టూలు మీద గిన్నె పెట్టేవాణ్ణి. వాసన చూసి చెప్పలేరు కాబట్టి ఇప్పుడు అంతా వాచీ మీదే. వాచీ నా చేతికిచ్చి ఆయన కళ్ళు మూసుకునేవారు.

"దాటిందా?"

"ఇంకా లేదు పెద్దనాన్నా."